రాజలింగం ఎర్ర డిస్క్

నిన్న పొద్దున రాజలింగం కొడుకు ఫోన్ చేశాడు.

"పెద్దబాపూ, బాపు నిద్రలనే పోయిండు."

చేతిలో చాయ్ అలాగే చల్లారిపోయింది. మొన్న ఆదివారమే కదా కలిశాం.

రాజలింగానికీ నాకూ డిస్క్ గోల్ఫ్ పిచ్చి. అతని తమ్ముడు దుబాయ్ నుంచి, గంజి వార్చే సిబ్బిలా గుండ్రంగా ఉండే రెండు ప్లాస్టిక్ డిస్కులు తెచ్చాడు. చొప్పదండి రోడ్డులో గ్రానైట్ యార్డు పక్క ఖాళీ జాగాలో, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలోకి విసిరేవాళ్లం.

రెండూ ఫెయిర్‌వే డ్రైవర్లే. మధ్య దూరానికి పనికొచ్చేవి.

కుడిచేత్తో విసిరితే నా నీలంది కాస్త కుడికి వాలి, మెల్లగా మళ్లీ దారిలోకి వస్తుంది. ముసలి చేతికి అదే నయం. అతని ఎర్రది మొండిది. విసురులో జోరు లేకపోతే ఎడమకు తిరిగి కూలబడాలి.

కానీ అతను విసిరితే తిన్నగా పోయేది.

"చేతిల పనితనం ఉండాలెరా. నీది పుస్తకాలు తిప్పే చెయ్యి" అని వాకింగ్ బ్యాచ్ ముందు ఎగతాళి చేసేవాడు. వాళ్లంతా నవ్వేవాళ్లు.

యార్డు రాళ్లకు కొట్టుకుని ఎర్రదాని అంచు అరిగిందనీ, అంచు అరిగిన డిస్క్ మొండితనం తగ్గి తిన్నగా పోతుందనీ ఎండాకాలంలో అందరి ముందూ చెప్పాను.

ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్.

ఆదివారం తనే ఇంటికి వచ్చాడు. తమ్ముడు సరిగ్గా అలాంటిదే కొత్త ఎర్రది పంపాడట.

"నడువ్, నీ తిక్క కుదురుస్త."

విసిరాడు. సగం దూరం పోకముందే ఎడమకు తిరిగి తుమ్మపొదలో పడింది. మళ్లీ విసిరాడు. మళ్లీ పొదే. పాతది విసిరాడు. తిన్నగా బుట్ట దాకా పోయింది.

పాతది తెచ్చి, దాని అంచును బొటనవేలితో తడిమాడు.

"డిస్క్ అరిగిందిరా. నేను నా చెయ్యి కుదిరిందనుకున్న."

నా చేతిలోని డిస్క్ వైపు చూశాడు.

"గా నీలంది జర ఇటియ్యి."

అతను విసిరితే అది కుడికి వాలి, తేలుతూ వచ్చి గొలుసులకు తగిలింది.

"గిన్నొద్దులు గిది నాకెందుకియ్యలే?"

"నువ్వెప్పుడడిగినవ్‌రా?"

ఇద్దరం నవ్వుకున్నాం. నీలంది తన వెంటే తీసుకుపోయాడు.

వాకింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో నిన్నటి నుంచి "గొప్ప క్రీడాకారుడు" అంటూ పూలదండల ఫోటోలు పెడుతున్న పెద్దమనుషులారా, మమ్మల్ని "సిబ్బులిసిరే ముసలోళ్లు" అన్నది మీరే. నాకు బాగా గుర్తుంది.

ఏడ్చాను. అయినా గుండె తేలిగ్గానే ఉంది. ఆ మాటల్లేని ఎండాకాలంలోనే పోయి ఉంటే, నా గెలుపు నాకు విషమయ్యేది.

నిన్న అతని కొడుకు నీలం డిస్క్ తెచ్చి ఇవ్వబోయాడు. "ఉండనియ్యి బిడ్డా, అది బాపుదే" అన్నాను.

పోయిరా రాజలింగం. నువ్వున్న చోట ఎదురుగాలి లేకుండా ఉండాలి. నీ చేతికి ఇక విశ్రాంతి దొరకాలి.