నాలుగేళ్ళ సిరప్పు, ఒక్క ఊపిరి పరీక్ష

ఈ రోజు బందరులో నా క్లినిక్కి చిలకలపూడి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. సన్న గొట్టంతో మంట ఊదుతూ రోల్డుగోల్డు గాజులు అతికే పని ఆయనది. నాలుగేళ్ళుగా ఆయాసం. నాలుగేళ్ళుగా ఒకే డాక్టరు, ఒకే దగ్గు సిరప్పు.

ఊపిరితిత్తుల పరీక్ష మిషన్ గొట్టం నోటికిచ్చి ఊదమన్నాను. బుగ్గలు ఉబ్బించి సన్నగా ఊదారు.

"బుగ్గలతో కాదు బాబాయ్ గారూ, గుండెల్లోంచి గట్టిగా ఊదండి."

"అలా ఊదితే మంట ఆరిపోద్దమ్మా!"

నాలుగోసారికి సరిగ్గా ఊదారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయని తేలింది. పోయిన బలమంతా ఇక తిరిగి రాదు. కడుపు మండి ఆ డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"మనలాంటి చిన్న క్లినిక్కులకి ఈ ఊదుడు పరీక్షలెందుకండీ? స్టెతస్కోపు పెడితే మనకి తెలిసిపోదా?" అన్నారు.

మహానుభావులు! బీపీ కూడా మొహం చూసే చెబుతారు కాబోలు. ఆయాసమొస్తే జనం ముందు పరుగెత్తుకొచ్చేది మనలాంటి చిన్న డాక్టర్ల దగ్గరికే కదా, మనం కొలవకపోతే ఇంకెవరు కొలుస్తారు?

ఫోన్ స్పీకర్లో అంతా విన్న పెద్దాయన చెప్పులేసుకుంటూ అన్నారు: "రోల్డుగోల్డు గాజుకైనా ముందు చెయ్యి కొలుస్తామమ్మా."

ఈ మాట ఆ డాక్టరుగారికి మీలో ఎవరైనా చేరవేస్తారా? నేను చెబితే ఇంత మర్యాదగా రాదు.