వీధరుగు

జమ్మలమడుగు తాలూకా కచేరీ గుమాస్తా కోదండపాణికి ఇల్లు బాగుచేయించాలనే కోరిక ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడాది తీరింది. తీరిందంటే సగమే. చేతిలో ఉన్న దుడ్లు ఒక్క పనికే చాలతాయి. నడింట్లో చెదలు తిన్న దూలమైనా మార్చాల, వీధి ముందర నాపరాళ్ల అరుగైనా కట్టాల.

"దూలం మార్చండి సామీ. వాన కారకూడదని ఏటేటా మిద్దెమీద పాత చౌడుమన్ను తీయకుండానే కొత్తది పోయిస్తాండారు. మిద్దెకు బరువు శానా ఎక్కింది" అన్నాడు ఇళ్లు కట్టే ప్రొద్దుటూరు బేల్దారి గౌస్ మొహిద్దీన్.

"ముందు నెత్తిమీది సంగతి చూడండి" అంది భార్య జానకమ్మ.

"దూలాన్ని ఎవురు చూస్తారే? అరుగుంటే నలుగురొచ్చి కూచుంటారు. మిద్దెమీద ఇంకో నాలుగు గంపల చౌడు పోయిస్తే కారదులే" అని కసిరాడు కోదండపాణి.

అరుగు అద్దంలా వచ్చింది. సాయంత్రమైతే కచేరీవాళ్ల కబుర్లన్నీ దానిమీదే. ఒకరోజు జానకమ్మ చాటలో బియ్యం తెచ్చుకుని అక్కడ కూచోబోతే, "ఆడదానివి, వీధరుగెక్కుతావా?" అని లోపలికి తోలాడు.

కార్తీకంలో ముసురు పట్టింది. చౌడంతా నీళ్లు తాగి, మిట్టమధ్యాహ్నం దూలం పెళ్లున విరిగింది. నడింట్లో బియ్యం ఏరుకుంటున్న జానకమ్మను మట్టి తవ్వి బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

కోదండపాణి కోరుకున్నట్టే నలుగురూ వచ్చారు. ఇంట్లో చోటులేక, వాళ్లే జానకమ్మను మోసుకొచ్చి అరుగుమీద పండబెట్టారు.

ఈసారి ఆయన వద్దనలేదు.