స్నానవాటిక ఎవరికిస్తారు?

ఒకప్పుడు నాతో పనిచేసిన సోషల్ మాస్టారు పోయారని అరకు దగ్గర డుంబ్రిగుడ నుంచి బడి ప్యూను ఫోన్ చేసి చెప్పాడు. నేను విశాఖపట్నంలో, ఆఫీసులో, భోజనానికి లేవబోతున్నాను. అప్పటికే రెండు రోజులైందట. "మీ నెంబరు ఆరి డైరీలో ఇయ్యాలే దొరికింది బాబూ, బేగి సెప్పలేపోయాం" అన్నాడు. ఆ నెంబరు ఆరేళ్ళ కిందట నేనే రాసిచ్చాను. ఆయన ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు. నేనూ వెళ్ళి చూడలేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను, వెళ్ళలేదు.

2002లో అక్కడి గిరిజన ఆశ్రమ పాఠశాలకి కంప్యూటర్ నేర్పడానికి కాంట్రాక్టు మీద వెళ్ళాను. బడి మొత్తానికి ఒకటే కంప్యూటర్. కరెంటుంటే పిల్లలు వంతులవారీగా మౌస్ పట్టుకునేవారు, లేకపోతే నేను బోర్డు మీద మౌస్ బొమ్మ గీసేవాణ్ణి. సాయంత్రం మిగతా టీచర్లంతా అరకు బస్సెక్కి పోయేవారు. మిగిలేది నేనూ, మాస్టారూ. ఆయనది శ్రీకాకుళం వైపు. భార్య పోయాక బదిలీ అడిగి మరీ ఈ కొండల్లోకి వచ్చారట. మంచు దిగితే పక్క క్వార్టరు కూడా కనిపించేది కాదు. మొదటి నెల నాకు పిచ్చెక్కినంత పనైంది.

నా దగ్గర ఒక ఆట సీడీ ఉండేది. ఒక పాత నాగరికతను ఎంచుకోవాలి, ఊరు కట్టాలి, పొలాలు వెయ్యాలి, పక్కవాడు దండెత్తితే కాచుకోవాలి. ఓ సాయంత్రం మాస్టారు వచ్చి వెనక నిలబడ్డారు. పావుగంట చూసి, ఊరు కట్టావు సరే, నుయ్యి తవ్వలేదు, జనం ఏటి తాగుతారని నిలదీశారు. మర్నాటి నుంచి సొంత స్టూలు తెచ్చుకున్నారు. మౌస్ మాత్రం ముట్టేవారు కాదు. నువ్వు నొక్కు, నేను సెప్తాను అనేవారు. యుద్ధాలంటే ఆయనకి మహా విసుగు. కొట్టుకోడం ఎవుడికైనా వచ్చు, ఊరు శుభ్రంగా ఉంచడమే కష్టం అనేవారు. పొద్దున హాస్టల్ పిల్లల గోళ్ళు చూస్తూ వాళ్ళకీ ఇదే మాట. ఆ ఏడాది నేను మనిషిలా మిగిలానంటే ఆయన పుణ్యమే.

ఒకసారి విశాఖ నుంచి తెచ్చుకున్న కంప్యూటర్ పత్రికలో ఆ ఆట కొత్త భాగం గురించి నాలుగు లైన్లు రాశారు. ప్రాచీన నాగరికతల్లో ఏదో ఒకదానికి ప్రత్యేకంగా స్నానవాటికలు ఇస్తారట. ఎవరికో చెప్పలేదు. ఇంకేముంది, రోజూ అదే వాదన. నేను రోమన్లన్నాను. మాస్టారు సింధు ప్రజలన్నారు. మొహెంజొదారోలోని స్నానాల కొలను మెట్లు కాగితం మీద గీసి, అది కట్టేనాటికి నీ రోము పుట్టనైనా లేదనేవారు.

నాకూ ఒక పాయింటు దొరికింది. ఆ ఆటలో ప్రతి నాగరికతకీ ఒక రాజుండాలి. పేరూ బొమ్మా ఉండాలి. సింధు రాజుల పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టి అసలు వాళ్ళని ఆటలోనే పెట్టరని చెప్పి గెలిచినట్టు కూర్చున్నాను.

"రాజు పేరు లేకపోతే ఆళ్ళు లేనట్టేనా?" అన్నారు మాస్టారు. "మన పిల్లల తాతలు ఏ రాజులని? ఆళ్ళు లేరేటి?"

ఏటా అదే పాఠం చెబుతూ, పుస్తకంలో తమవాళ్ళ ఊసే కనపడని పిల్లల మొహాలు చూసిన మనిషాయన. పేరు లేనివాళ్ళకి ఎక్కడో ఒకచోట, కనీసం ఒక ఆటలోనైనా, ఒక్క కట్టడం దక్కాలని ఆయన కోరిక. అంత చిన్న కోరిక.

ఆ కోరికతోనే కొంప ముంచుకున్నారు. మా ఊహలన్నీ, ఆటలోని పాయింట్లతో సహా, పాఠంలో కలిపేశారు. అర్ధసంవత్సర పరీక్షలో సింధు నాగరికత గురించి రాయమంటే, "స్నానవాటిక కట్టినచో ప్రజల సంతోషము రెండు పాయింట్లు పెరుగును" అని ఏడో తరగతి మొత్తం రాసింది. తనిఖీకొచ్చిన అధికారి ఆ పేపర్లు చూసి, ఇదెక్కడి చరిత్రయ్యా అని కేకలేశాడు. మాస్టారు తలొంచుకుని నిలబడ్డారు. జీపు వెళ్ళిపోయాక ఒక్క మార్కూ తగ్గించకుండా పేపర్లు పంచేశారు. నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఆయనకి కోపమొచ్చింది. శుభ్రంగా ఉంటే సంతోషం పెరగదేటి, అందులో తప్పేటుందని అడిగారు.

మరుసటేడు ఉద్యోగం దొరికి విశాఖ వచ్చేశాను. బస్సు దగ్గర ఆయన ఒక్కటే కోరారు. ఆట వచ్చాక స్నానవాటిక ఎవరికిచ్చారో చెప్పాలి, ఉత్తరమూ ఫోనూ కాదు, మనిషి రావాలి. సరేనన్నాను. అయినా నెంబరు రాసిచ్చాను.

ఆట వచ్చింది. రోమన్లకే ఇచ్చారు. సింధు ప్రజలు జాబితాలోనే లేరు. గెలిచింది నేనే, ఏడుపొచ్చింది కూడా నాకే. ఈ కబురు మోసుకుని ఆ కొండలెక్కి ఆయన ఎదుట ఎలా నిలబడను? వచ్చే భాగంలో పెడతారులే, అప్పుడు వెళ్దాం అనుకున్నాను. అలా అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను. గదిలో ఒక్కణ్ణే ఆడి ఆడి, చివరికి ఆటే మానేశాను. నుయ్యేదిరా అని అడిగే మనిషి లేని ఊళ్ళు ఎన్ని కడితే ఏం?

ఫోన్ వచ్చిన మర్నాడు వెళ్ళాను. రిటైరయ్యాక కూడా ఆయన డుంబ్రిగుడలోనే ఒక గది అద్దెకి తీసుకుని ఉన్నారు. ప్యూను తలుపు తీశాడు. నేను రాకపోవడానికి కారణం అతనికి చెప్పుకోబోయాను. అంతా విని, "ఆరికి తెలుసు బాబూ" అన్నాడు.

రెండేళ్ళ కిందటే పాత విద్యార్థి ఒకతను లాప్‌టాప్ తెచ్చి ఆ ఆట చూపించాడట. మాస్టారు జాబితా అంతా ఒకటికి రెండుసార్లు చదివించుకున్నారట. తర్వాత ప్యూనుతో అన్నారట: "పాపం, నాకు సెప్పలేకే ఆ బాబు రాటం లేదు. ఎప్పుడైనా వస్తే నాకు తెలుసని ఎవులూ అనకండి. ఆణ్ణే సెప్పనీండి."

చావు ఇంటికి వెళ్ళినవాళ్ళు స్నానం చెయ్యకుండా ఊరు కదలకూడదు. ప్యూను కొండవాగుకి, అక్కడి మాటలో గెడ్డకి, దారి చూపించాడు. మోకాలి లోతు నీళ్ళలో, చలికి పళ్ళు టకటకలాడుతుంటే నిలబడ్డాను. "రోమన్లకే ఇచ్చారు మాస్టారూ" అని పైకే అన్నాను. అవతల రాతి మీద బట్టలుతుకుతున్న ముసలామె తలెత్తి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. ఎవరూ కనిపించక మళ్ళీ వంగి ఉతుక్కుంది.