అమ్మ మంచం మీద పక్క ఎవరు వేశారు?

నేను బడిపంతులమ్మని. దయ్యాన్ని చూశానని చెప్పిన పిల్లల చేత గోడకుర్చీ వేయించిన మనిషిని. చచ్చిపోయినవాళ్ళు ప్రభువు పిలిచేదాకా లేవరని ఆదివారం బళ్ళో పాఠం చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను. కానీ ఆ ఆదివారం మా ఇంట్లో జరిగినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు.

ఎనభైల్లో సంగతి. రాజోలు దగ్గర మా ఊళ్ళో కుర్రాళ్ళందరూ దుబాయి, మస్కట్ పోతుంటే మా తమ్ముడు రత్నం బొంబాయి ఏజెంటు ద్వారా ఒక షికారు ఓడలో చేరాడు. డబ్బున్నవాళ్ళు సెలవులకి ఎక్కి సముద్రాలు తిరిగే ఓడ. వాడి పని గదులు తుడవడం, పక్కలు వేయడం.

చేరిన కొత్తలో ఒక రంగుల పుస్తకం పంపాడు. ఓడ ఎక్కేవాళ్ళకి కంపెనీ ఏమేం ఇస్తుందో అందులో బొమ్మలతో సహా వేశారు. ఈతకొలను, పొద్దస్తమానం భోజనాలు, పాటకచేరీలు, మంచం దగ్గరికే కాఫీ, ఏ వేళ పిలిచినా డాక్టరు. నేను చదివి చెబితే, అవన్నీ కొడుక్కేననుకుంది అమ్మ. ఊరందరికీ చూపించింది.

"మావాడు ఇందులోనే ఈత కొడతాడండీ" అనేది.

"ఆయ్, అదృష్టవంతులండీ" అనేవారు వాళ్ళు.

అవి పనివాళ్ళకి కాదని నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. ఆ తప్పు నాది.

ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు రత్నం అమ్మ మంచం మీద ఓడలో లాగే పక్క వేశాడు. దుప్పటి డోలు తోలులా బిగించి, మూలలు కవరు మడిచినట్టు పరుపు కిందకి దోపి, తల వైపు ఒక కొన త్రికోణంగా వెనక్కి తిప్పాడు. దిండు మీద చాక్లెట్ పెట్టడం అక్కడి మర్యాదట. వాడు కొబ్బరి లౌజు పెట్టి, "పడుకోండి దొరసానిగారూ" అన్నాడు. అమ్మ పడీపడీ నవ్వింది.

"ఓడలో నీకూ ఇలాగే వేస్తార్రా?" అని అడిగింది.

వాడు నా వైపు చూసి, "ఆయ్" అన్నాడు.

మరుసటి ఏడాది కంపెనీ ఉత్తరం వచ్చింది. జ్వరంతో చనిపోయాడట. ప్రయాణికులకి ఇబ్బంది కలగకుండా తెల్లవారకముందే సముద్రంలో వదిలారట. ఇబ్బందట! వాడితో పనిచేసిన మలయాళీ ఆయన తర్వాత రాశాడు, జ్వరం కాసిన నాలుగు రోజులూ వాడిచేత పక్కలు వేయించారని. వాళ్ళ చేతులు పడిపోను! ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతోంది.

అమ్మ నన్ను నిలదీసింది. "ఏ వేళ పిలిచినా డాక్టరొస్తాడని నువ్వే కదే చదివేవు? మరి మనోణ్ణెందుకు చూళ్ళేదు?"

అప్పుడు చెప్పాను, అవన్నీ ఎక్కేవాళ్ళకేనని. అమ్మ నమ్మలేదు. "అంత గొప్ప ఓడలో జ్వరానికి చచ్చిపోతారా? అబద్ధం. మనిషిని చూపించమను" అంది. పోయినవాళ్ళ కోసం ఇంట్లో ప్రార్థన చేసే ఆదరణ కూడిక పెట్టనివ్వలేదు. పాస్టరుగారు రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయారు. అమ్మ రోజూ రాజోలు బస్సు వేళకి రోడ్డు మీద నిలబడేది. తిండి మానేసి చిక్కి సగమైపోయింది. తమ్ముడి వెనకే అమ్మా పోతుందని నాకు భయం పట్టుకుంది.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒక ఆదివారం ఇద్దరం గుడికి వెళ్ళి మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చాం. వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా నడుముకే ఉంది. కిటికీలు లోపలినుంచి గడియ పెట్టి ఉన్నాయి. పొద్దున అమ్మ వదిలేసి లేచిన పక్క మాత్రం వేసి ఉంది. దుప్పటి బిగించి, మూలలు దోపి, తల వైపు కొన త్రికోణంగా తిప్పి ఉంది. దిండు మీద ఏమీ లేదు.

అమ్మ పొద్దుటినుంచీ నా పక్కనే ఉంది. ఆ మడత మా ఊళ్ళో ఇంకెవరికీ రాదు. తర్వాత నేను మూడుసార్లు ప్రయత్నించాను, నాకూ రాలేదు.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. అరిచింది. వీధిలోకి వినబడేలా అరిచింది.

"చచ్చి కూడా పక్కలే వేస్తున్నాడే నా బిడ్డ! లోకానికంతా వేసేడు, వాడికెవరేసేరే?"

ఆ రంగుల పుస్తకాన్ని తనే తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టింది. "పాస్టరుగార్ని రమ్మని చెప్పు. వాడు లేడు" అంది. అన్నం పెడితే తింది.

సాయంత్రం కొబ్బరి లౌజు చేసి ఆ దిండు మీద ఒకటి పెట్టింది. తను కింద చాప పరుచుకుంది. నేను పక్క గదిలో పడుకున్నాను.

పొద్దున్నే చూస్తే మంచం మీద దుప్పటి నలిగి ఉంది. దిండు మీద తల పట్టేంత గుంట ఉంది. లౌజు లేదు. అమ్మే తీసి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. తాళం వేసిన ఇంట్లో ఆ పక్క వేసిందెవరో మాత్రం ఇన్నేళ్ళయినా నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.

దుప్పటి దులపబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"లేపకే" అంది. "లేస్తే మళ్ళీ పనికి పోతానంటాడు."