ఐదు వేల ఐదు వందల నలభై రెండు చొక్కాలు

ఆ పిల్లని ఇంట్లోనూ వీధిలోనూ అందరూ మేనేజరు అనే పిలిచేవారు. పేరు పెట్టింది మేనత్త. తొమ్మిదేళ్ళప్పుడు ఆ పిల్ల ఇంట్లో ఎవరు ఏ రోజు గిన్నెలు తోమాలో ఒక కాగితం మీద రాసి వంటగది తలుపుకి అంటించింది. అందులో తన పేరు మాత్రం ఎక్కడా లేదు. అదేమిటే అని అడిగితే, "రాసింది నేనే కదత్తా" అంది. ఆ రోజు నుంచి అసలు పేరు బడి రిజిస్టరుకే పరిమితమైంది.

తండ్రి లిఫ్టుల మెకానిక్కు. పగలంతా ఊళ్ళో వాళ్ళని పై అంతస్తులకి చేర్చే పనిలో ఉండి, సాయంత్రం లిఫ్టు లేని భవనంలో మూడంతస్తులు కాళ్ళీడ్చుకుంటూ ఎక్కేవాడు. అదే భవనం కింద తల్లికి ఇస్త్రీ దుకాణం ఉంది. రెండు బల్లలు, ఒక ఆవిరి ఇస్త్రీ పెట్టె, గోడ పొడవునా ఇనప గొట్టానికి వేలాడే చొక్కాలు, ఎవరి బట్టలు ఎవరివో బల్ల అంచు మీద సుద్దముక్కతో వేసిన గుర్తులు. ఆ గుర్తులు తల్లికి తప్ప ఎవరికీ అర్థం కావు.

మేనేజరుకి పదిహేడో ఏడు నడుస్తుండగా బడికి బ్యాంకు నుంచి ఒకావిడ వచ్చింది. నీలం కోటు వేసుకుని, చాలా ఓపికగా మాట్లాడింది. పిల్లలు ఆవిడకి కార్డు మేడమ్ అని పేరు పెట్టారు. బాధ్యతగా అప్పు చేయడం ఎలా అన్నది ఆ రోజు ప్రసంగం.

"ఉన్న డబ్బు ఖర్చు పెట్టడం అందరికీ వచ్చు. లేని డబ్బు ఖర్చు పెట్టడానికే శిక్షణ కావాలి" అని మొదలుపెట్టింది. చిన్న వయసులోనే మంచి చెల్లింపుల చరిత్ర సంపాదిస్తే, పెద్దయ్యాక బ్యాంకులే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయంది. వెనక బెంచీ వాడొకడు వడ్డీ సంగతి అడిగాడు. అది ఆలస్యం చేసేవాళ్ళకి సంబంధించిన విషయమని చెప్పి తెర మీద తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయింది. ప్రసంగం నలభై నిమిషాలు సాగింది. అందులో వడ్డీకి అర నిమిషం దక్కింది. దరఖాస్తులు పంచడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

క్రెడిట్ కార్డు పిల్లల పేరు మీదే ఉంటుంది కానీ తండ్రి ఖాతాకి అనుబంధంగా ఇస్తారు. మేనేజరు ఆ సాయంత్రమే నాలుగు పేజీల చిన్నక్షరాల కాగితం తండ్రి ముందు పెట్టింది.

"నాన్నా, ఇక్కడొక సంతకం."

"ఏంటిది?"

"బాధ్యత."

కూతురు బాధ్యత నేర్చుకుంటానంటే ఏ తండ్రి వద్దంటాడు? ఆయన పెన్ను కోసం జేబు తడుముకున్నాడు.

పది రోజులకి కార్డు వచ్చింది. పరిమితి ఇరవై వేలు. దాంతోపాటు ఒక రంగురంగుల పుస్తకం కూడా వచ్చింది. ప్రతి వంద ఖర్చుకీ ఒక పాయింటు. మూడు వందల పాయింట్లు చేరితే నాలుగు చక్రాల ప్రయాణపు పెట్టె ఉచితం. ఆ ఇంట్లో ఎవరూ ఎక్కడికీ ప్రయాణం చేయరు. మేనత్త ఇల్లు కూడా రెండు వీధుల అవతలే. అయినా ఉచితం అన్న మాట మేనేజరు మనసులో తిష్ఠ వేసింది.

మూడు వందల పాయింట్లంటే ముప్ఫై వేల ఖర్చు. ఆ పిల్లకి అంత ఖర్చు లేదు. అక్కడే మేనేజరు బుర్ర పాదరసంలా పనిచేసింది. తరగతిలో ఎవరు ఏం కొనుక్కున్నా డబ్బు తనకిమ్మంది, తను కార్డు మీద కొనిపెడతానంది. వాళ్ళకి వస్తువు, తనకి పాయింట్లు, నెలాఖరుకి వాళ్ళిచ్చిన డబ్బు బ్యాంకుకి. కాగితం మీద ఈ పథకంలో ఒక్క లోపమూ లేదు. బూట్లు, చెవుల్లో పెట్టుకునే ఫోన్లు, క్రికెట్ బ్యాటు, ఎవరి అక్కకో చేతిసంచి, అన్నీ కార్డు మీదే వచ్చాయి. నోట్లన్నీ మేనేజరు జామెట్రీ పెట్టెలో చేరాయి.

చేతిలో నోట్లున్న మనిషికి స్నేహితులు పెరుగుతారు. వాళ్ళని బేకరీకి తీసుకెళ్ళింది, సినిమాకి తీసుకెళ్ళింది. తనకీ ఒక జత బూట్లు కొనుక్కుంది, పాయింట్లు వస్తాయి కదా అని. మొదటి రెండు నెలలు బిల్లు ఎలాగో సర్దుబాటయింది. నాలుగో నెలలో ప్రయాణపు పెట్టె ఇంటికొచ్చింది. ఎర్రగా, నునుపుగా ఉంది. తండ్రి దాన్ని గదిలో అటూ ఇటూ నడిపి చూసి, "బేరింగులు మంచివే" అని మెచ్చుకున్నాడు. తల్లి అందులో దుప్పట్లు పెట్టింది.

అదే వారం బిల్లు కూడా వచ్చింది. పద్దెనిమిది వేల నాలుగు వందలు. జామెట్రీ పెట్టెలో వృత్తలేఖిని, కోణమానిని, ఒక పదిహేను వందలు ఉన్నాయి.

మేనేజరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు కంటబడింది, ఆకుపచ్చ గడిలో, మిగతా అక్షరాల కంటే పెద్దగా: మీరు చెల్లించవలసిన కనీస మొత్తం తొమ్మిది వందల ఇరవై. ఆ గడి చూడగానే ఊపిరి పీల్చుకుంది. తొమ్మిది వందల ఇరవై కట్టిన అయిదో నిమిషంలో ఫోనుకి సందేశం వచ్చింది. "అభినందనలు. మీరు బాధ్యతగల ఖాతాదారు."

బ్యాంకే బాధ్యత అంటుంటే మనమెవరం కాదనడానికి? కార్డు వాడటం మానేసింది, అంతవరకు బుద్ధిగానే ఉంది. కనీస మొత్తం మాత్రం తండ్రి ఇచ్చే చేతిఖర్చులోంచి, మేనత్తని బతిమాలి, ఒక్క రోజు తప్పకుండా ఆరు నెలలు కట్టింది. డబ్బు అందినట్టు సందేశం తండ్రి ఫోనుకీ వచ్చేది. ఆయన తోటి మెకానిక్కులకి చూపించి, "మా మేనేజరు చూడు, గడువుకి మూడు రోజుల ముందే కడుతుంది" అని కాలరెగరేసేవాడు. ఎంతకి ఎంత కడుతోందో చూడాలని ఆయనకి తోచలేదు.

ఆరో నెల కట్టిన తర్వాత బ్యాంకు నుంచి బంగారు అంచుల పత్రం వచ్చింది. మేనేజరుని ఆదర్శ యువ ఖాతాదారుగా ఎంపిక చేశారట, బడిలో సభ పెట్టి సన్మానిస్తారట. తండ్రి ఆ పత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని కింద దుకాణానికి తెచ్చాడు. తల్లి ఆవిరి పెట్టె పక్కన పెట్టి, మొత్తం చదివింది.

"బాగుంది. బిల్లేదీ?" అంది.

"బిల్లెందుకమ్మా, పత్రం ఉందిగా" అంది మేనేజరు.

"పత్రం ఊరికే ఇవ్వరు. నాకు పదేళ్ళుగా బట్టలిస్తున్న వాళ్ళు ఒక్కళ్ళయినా పత్రమిచ్చారా? బిల్లు తీసుకురా."

పిల్ల నీళ్ళు నమిలింది. చివరికి ఫోనులో ఆరు బిల్లులూ చూపించింది. తల్లి సుద్దముక్క తీసుకుని బల్ల అంచు మీద లెక్క వేయడం మొదలుపెట్టింది. ఆవిడ ఏడో తరగతి వరకే చదివింది, కానీ కూడికలో ఆవిడని మోసం చేసిన చొక్కా లేదు.

"ఆర్నెల్లలో నువ్వు కట్టింది ఐదు వేల రెండు వందల తొంభై నాలుగు. అవునా?"

"అవును."

"ఎంత తగ్గాలి అప్పు?"

"అంతే తగ్గాలి."

"తగ్గింది పదిహేడు వందల డెబ్భై నాలుగు. మిగతా మూడున్నర వేలు ఏమయ్యాయి?"

మేనేజరు బిల్లులో వడ్డీ అన్న గడి వెతికి చూపించింది. తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"లిఫ్టులో ఎనిమిది మంది అని రాసుంటే, ఎనిమిదో వాడు ఎక్కేదాకా తలుపు మూయరు జనం. అది హద్దు, ఆహ్వానం కాదని ఎన్ని సార్లు చెప్పినా వినరు."

"సంతకం పెట్టిందెవరు?" అంది తల్లి.

ఆయన వెంటనే ఏదో లిఫ్టు చూడాల్సిన పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

తల్లి సంచీ తీసుకుని రెండు వీధులవతల సామాన్ల కొట్టుకి వెళ్ళి, అలాంటి ఎర్ర పెట్టె వెల ఎంతో అడిగొచ్చింది. రెండు వేల రెండు వందలు. ఆ సంగతి కూతురికి చెప్పి ఊరుకుంది, ఇంకేమీ అనలేదు. అనకపోవడమే మేనేజరుని ఎక్కువ బాధపెట్టింది. ఆ పిల్ల చొక్కాల వెనక్కి వెళ్ళి కాసేపు ఏడ్చింది.

మర్నాడు తల్లి కొత్త ఆవిరి పెట్టె కోసం రెండేళ్ళుగా దాచిన డబ్బు తీసి, మిగిలిన పదహారు వేల ఆరు వందల ఇరవై ఆరూ ఒక్కసారే బ్యాంకుకి కట్టించింది.

"ఇప్పుడు నువ్వు నాకు బాకీ. నాకు వడ్డీ వద్దు, చొక్కాలు మడతపెట్టు. చొక్కాకి మూడు రూపాయలు."

"అంటే ఎన్నమ్మా?"

"నువ్వు కదా మేనేజరువి. లెక్క చూసుకో."

ఐదు వేల ఐదు వందల నలభై రెండు. రోజుకి నలభై చొప్పున మడతపెట్టినా నాలుగున్నర నెలలు దాటుతుంది. ఈసారి పని చేసేవాళ్ళ జాబితాలో ఒకటే పేరుంది.

మూడో రోజు బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. చాలా ఆదుర్దాగా ఉన్న గొంతు.

"మా సేవల్లో ఏమైనా లోపం జరిగిందా అండీ?"

"లేదండీ" అంది మేనేజరు.

"మరి మొత్తం ఒకేసారి కట్టేశారు?"

"అప్పు కదండీ."

"కనీస మొత్తం కట్టే సౌకర్యం ఉందని మీకు తెలుసు కదా?"

"ఆర్నెల్లు తెలుసుకున్నానండీ."

అయినా బ్యాంకు మంచి మనసుతో, ఆ పిల్ల క్రమశిక్షణకి మెచ్చి, పరిమితిని నలభై వేలకి పెంచింది.

సన్మానానికి వెళ్ళనంది మేనేజరు. వెళ్ళమంది తల్లి. "జరిగింది చెప్పడానికి నీకు మైకు ఇంకెవరిస్తారు?" అంది.

సభలో బ్యాంకు పెద్దలు ముగ్గురు కూర్చున్నారు. మేనేజరు బల్ల అంచు మీది లెక్క కాగితం మీద రాసుకొచ్చి, ఉన్నదున్నట్టు చదివింది. ఎంత కొన్నది, ఎంత తిన్నది, ఎంత కట్టింది, ఎంత తగ్గింది. అంకె ఒక్కటీ తప్పలేదు. ప్రశ్నలున్నాయా అని అడిగితే తొమ్మిదో తరగతి కుర్రాడు లేచాడు.

"అక్కా, ఆ పెట్టెకి ఎన్ని పాయింట్లన్నావు?"

బ్యాంకు పెద్దాయన చప్పట్లు కొట్టి, ఇంత నిజాయితీ గల ఖాతాదారు ఉండటం తమ బ్యాంకుకి గర్వకారణమన్నాడు. మామూలుగా అరవై దరఖాస్తులు తీసుకునే పిల్లలు ఆ రోజు నలభై ఒకటి తీసుకున్నారు. పంతొమ్మిది మంది మాట విన్నారని మేనేజరు తర్వాత చాలా రోజులు సంతోషపడింది.

మెట్లు దిగుతుంటే కార్డు మేడమ్ వెనకనుంచి పిలిచింది. నీలం కోటు చేతి మీద వేసుకుని ఉంది.

"ఆ లెక్క మీ అమ్మగారు ఎవరికైనా వేసిపెడతారా?"

"ఎవరికండీ?"

ఆవిడ అటూ ఇటూ చూసి, పర్సులోంచి మూడు కార్డులు తీసింది. "నాలుగేళ్ళుగా కనీస మొత్తమే కడుతున్నా" అంది, చాలా చిన్న గొంతుతో.

ఆదివారం ఆవిడ దుకాణానికి వచ్చింది. తల్లి స్టూలు వేసి కూర్చోబెట్టి, మూడు బిల్లులకీ లెక్క కట్టింది. బల్ల అంచు చాలక గోడ మీదికి ఎక్కాల్సి వచ్చింది. చివరి అంకెని ఆవిడ రెండు సార్లు చదువుకుంది.

"ఇదంతా మీరు బడిలో చెప్పొచ్చు కదండీ" అంది తల్లి.

"చెబితే ఉద్యోగం పోతుందమ్మా. ఉద్యోగం పోతే ఈ కనీస మొత్తం ఎవరు కడతారు?"

తల్లి సుద్దముక్క కింద పెట్టింది. ఎక్కువ వడ్డీ ఉన్న కార్డు ముందు తీర్చమని, మిగతా రెండూ అప్పటిదాకా ఇంట్లో బీరువాలో పెట్టమని చెప్పి పంపింది. ఆ తర్వాత ప్రసంగాల్లో వడ్డీకి రెండు నిమిషాలు దక్కుతున్నాయని పిల్లలు చెప్పారు.

చొక్కాల లెక్క అయిదో నెలలో తీరింది. ఆఖరి చొక్కా మడతపెట్టి మేనేజరు తల్లికి చూపించింది. "కాలరు వంగింది" అని తల్లి దాన్ని విప్పేసింది. మేనేజరు మళ్ళీ మడతపెట్టింది.

ఇప్పుడు ఆ పిల్లకి పంతొమ్మిదేళ్ళు. కాలేజీలో చదువుతోంది. కార్డు ఉంది. నెలకోసారి బస్సు పాసు కొని, బిల్లు రాగానే మొత్తం కట్టేస్తుంది. అందువల్ల బ్యాంకు దృష్టిలో ఆ పిల్లంత నిస్సారమైన ఖాతాదారు లేదు, అభినందనలు రావడం మానేశాయి. తోటి పిల్లలు శనివారాలు బిల్లులు పట్టుకుని దుకాణానికి వస్తారు. లెక్క చెప్పినందుకు డబ్బు తీసుకోదు, ముప్ఫై చొక్కాలు మడతపెట్టి వెళ్ళమంటుంది. తల్లికి సమాజసేవ మీద గౌరవం బాగా పెరిగింది.

మొన్న తండ్రి గోడంత టీవీ చూసొచ్చాడు. వాయిదాల మీద ఇస్తారట.

"ఎన్ని నెలలు నాన్నా?"

"ఇరవై నాలుగు."

"మొత్తం ఎంతవుతుంది?"

"నెలకెంతో చెప్పాడు. మొత్తం చెప్పలేదు."

"అడిగి రా."

ఆయన మళ్ళీ చొక్కా తగిలించుకుని, మూడంతస్తులు దిగి వెళ్ళాడు. గంట తర్వాత తిరిగొచ్చి, చెప్పులు విడిచి, పాత టీవీ ముందు కూర్చున్నాడు.

"దీని రంగులే నయం" అన్నాడు.