ఏటీ నేదమ్మా

సిస్టరమ్మ పోయారని మొన్న ఉదయం మద్దిలపాలెంలో బస్సు దిగుతుండగా తెలిసింది. గుండెపోటు. "వారం నుంచీ ఆయాసపడతందట డాక్టరమ్మా, మాకెవులికీ సెప్పనేదు" అని వాళ్ళమ్మాయి ఫోన్లో ఏడ్చింది. మూడు రోజుల క్రితమే కదా నాతో మాట్లాడారు! 

ఆవిడ మా ఆసుపత్రి కీళ్ళ విభాగంలో నర్సుగా చేసి రిటైరయ్యారు. నేను చేరిన కొత్తలో నా పని లూపస్ రోగుల ఫైళ్ళు చదవడం. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు అది. కీళ్ళనొప్పులు, మచ్చలు, మూత్రపరీక్ష, అన్నీ ఫైల్లోంచి ఏరి, జబ్బు ఎంత రేగి ఉందో ఒక అంకె వేయాలి. అంకె తగ్గితే పెద్ద డాక్టరుగారు మందు తగ్గిస్తారు.

ఒకరోజు ఒక చేపలమ్మే ఆవిడ ఫైల్లో కీళ్ళ సంగతి ఎక్కడా లేదు. చిత్తు కాగితం మీద పెన్సిల్‌తో సున్నా వేశాను. సిస్టరమ్మ వెనకనుంచి చూశారు.

"రాయనేదంటే నొప్పి నేదనా? ఎవులు సెప్పారమ్మా నీకు?"

నా సున్నా చెరిపి, 'అడగలేదు' అని రాశారు. నాకు ఒళ్ళు మండింది. పెద్ద చదువు నాదనే పొగరు మరి!

బయట బెంచీ మీదున్న ఆ చేపలావిడను పిలిచి, నొప్పులున్నాయా అని నేనే అడిగాను. "ఏటీ నేదమ్మా, బాగానే ఉన్నాను" అని నవ్వింది. నేను గెలిచాననుకున్నాను.

సిస్టరమ్మ ఆమె పక్కన కూర్చున్నారు. "సేపలు కోత్తన్నావా?"

"నేదమ్మా. కత్తిపీట పట్టనేకపోతన్నాను. కోడలు కోత్తంది."

"జడో?"

"అదీ కోడలే ఏత్తంది."

ఆమెకు మందు తగ్గించలేదు, పెంచారు.

"మనోళ్ళు డాక్టరు ముందర బాద సెప్పుకోరు, సిగ్గు. ఏటీ నేదంటే ఇంకోపాలి అడగాలి" అన్నారు సిస్టరమ్మ తరవాత, మధ్యాహ్నం మూడింటికి క్యారేజీ విప్పుకుంటూ. చివరి రోగి వెళ్ళేదాకా ఆవిడ తినేవారు కాదు. ఆ రోజునుంచీ నేను ఆవిడకు 'సున్నా డాక్టరమ్మ'ని.

ఆవిడ పోవడానికి మూడు రోజుల ముందు మల్కాపురంలో వాళ్ళింటికి ఫోన్ చేశాను. మాట ఆగి ఆగి వస్తోంది.

"ఒంట్లో బాగుందా సిస్టరమ్మా?"

"ఏటీ నేదమ్మా. నీ పని సూసుకో, సున్నా డాక్టరమ్మా."

నవ్వి పెట్టేశాను. మెట్లెక్కగలుగుతున్నారా, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడుతోందా, ఒక్క మాట అడిగానా! సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆ చిత్తు కాగితం ఇంకా నా సొరుగులోనే ఉంది. చెరిపిన సున్నా మసకగా కనిపిస్తుంది. దాని పక్కన సిస్టరమ్మ గుండ్రటి అక్షరాలు: అడగలేదు.