లాకులో వేలాడిన వేళ

చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. అరవై దాటాక కోడలు అక్షరాలు నేర్పింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

కేజీఎఫ్ బంగారు గనిలో పనిచేసి రిటైరైన మా ఆయనతో కేరళ వెళ్లాను. చిన్న తెరచాప పడవలో కాలువ వెంట తీరిగ్గా పోతుంటే, పడవల్ని కింది మట్టానికి దించే లాకు వచ్చింది. వెనక తలుపులు మూసి లోపలి నీళ్లు కిందికి వదిలారు. గోడల మధ్య పడవ కిందికి దిగసాగింది.

"భయపడొద్దే, మన గనిలో కేజీ దిగినట్టే ఉండాది," అన్నాడాయన.

కేజీ అనే ఆ ఇనుప బోనులో ఆయన గనిలోకి దిగినప్పుడల్లా, తిరిగొస్తాడో లేదోనని పైన కాచుకున్నదాన్ని నేను. ఆ మాట వినగానే గోడకున్న ఇనుప నిచ్చెన పట్టుకున్నాను. పడవ దిగిపోయింది. నేను వేలాడాను.

"చెయ్యి వదులే, పట్టుకుంటా!"

"ఇన్నేండ్లలో యాడ పట్టుకున్నావయ్యా!"

చెయ్యి జారి ఆయన మీదే పడ్డాను. తన నడుము పట్టేసినా ఆయన నన్ను వదల్లేదు. పడవవాడు నవ్వాపుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున ఆయన నడుముకు తైలం రుద్ది, మళ్లీ అదే పడవెక్కించాను. లాకులో ఆయన చెయ్యి పట్టుకుని, కళ్లు తెరుచుకునే కిందికి దిగాను.